సన్నని సందులోని ఉప్పునీరు ఏసీ వోల్టేజీకి ఎలా స్పందిస్తుందో కొలవడం ఎలా

వేసవిలో గోదావరి కాలువలు కట్టేశాక, సముద్రపు పోటు వసిష్ఠ, వైనతేయ పాయల్లోకి ఎగదన్నే రోజుల్లో, కోనసీమ చివరి గ్రామాల్లో బోరు నీటి గురించీ చెరువు నీటి గురించీ అందరూ అడిగేది ఒక్కటే: ఉప్పు ఎంత ఉంది? రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి సెలినిటీ మీటరు కడ్డీ ముంచితే రెండు క్షణాల్లో అంకె వస్తుంది. ఆ కడ్డీ కొసన రెండు లోహపు ముక్కలు, వాటి నడుమ కొద్దిపాటి నీరు, ఆ నీటి మీద సెకనుకు వందల, వేల సార్లు దిశ మార్చుకునే వోల్టేజీ ఉంటాయి. వోల్టేజీ ఎందుకు దిశ మార్చుకోవాలి, మార్చుకునే వేగాన్ని బట్టి నీటి జవాబు ఎందుకు మారుతుంది అన్నది డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో ఉండే సామానుతోనే, మీ చేతులతో మీరు కొలిచి తెలుసుకోవచ్చు. డెల్టాలో భౌతికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా ఈ కొలత చేయాలని నా కోరిక, ఎందుకంటే మన పంటా, మన చెరువులూ, మన తాగునీరూ ఈ అంకె మీద ఆధారపడి ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు

మల్టీమీటరును ఓముల స్థానంలో పెట్టి, దాని రెండు కొసలనూ ఉప్పునీటిలో ముంచి చూడండి. నేను మొదటిసారి అలాగే చేశాను. అంకె ఒక చోట నిలవలేదు, చూస్తుండగానే పెరుగుతూ పోయింది. తీగలు తారుమారు చేస్తే ఒక్కసారిగా పడిపోయి మళ్లీ పెరగసాగింది. మీటరు పాడైందని పక్కన పెట్టేశాను గాని, దానిలో ఏ లోపమూ లేదు. వోల్టేజీ ఒకే దిశలో ఉన్నప్పుడు సోడియం అయాన్లు (ఆవేశం ఉన్న కణాలు) రుణ పలకవైపు, క్లోరైడ్ అయాన్లు ధన పలకవైపు చేరి, లోహాన్ని ఆనుకుని నానోమీటర్ల మందంలో ఒక పొర కడతాయి. ఆ పొరా, లోహంలో దానికి ఎదురుగా నిలిచే ఆవేశమూ కలిసి, ఆవేశాన్ని నిల్వ చేసే కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ఆ కెపాసిటర్ నిండుతున్న కొద్దీ విద్యుత్ క్షేత్రం నడిమి నీటిలోకి చేరడం మానేస్తుంది, ప్రవాహం తగ్గుతుంది, మీటరు దాన్నే నిరోధం పెరిగినట్టు చూపిస్తుంది.

ఎదురెదురు ఆవేశాల ఈ జంట పొరను ద్విస్తరం అంటారు. దీని గురించి జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే చెప్పారు. అది లోహానికి అంటుకున్న గట్టి పొర మాత్రమే కాదని, ఉష్ణ చలనం వల్ల నీటిలోకి కొంత దూరం పలచబడుతూ వ్యాపిస్తుందని 1910లో గూయ్, 1913లో చాప్‌మన్ చూపించారు. ఆ వ్యాప్తి దూరాన్నే ఇప్పుడు డెబై దూరం అంటున్నాం. సోడియం క్లోరైడ్ వంటి లవణానికి 25 డిగ్రీల దగ్గర అది 0.304ను మోలార్ గాఢత (లీటరులో కరిగిన మోల్‌ల సంఖ్య) వర్గమూలంతో భాగిస్తే వచ్చినన్ని నానోమీటర్లు ఉంటుంది: 0.001 మోలార్‌కు 9.6, 0.01 మోలార్‌కు 3, 0.1 మోలార్‌కు 1 కంటే కాస్త తక్కువ. నీరు ఎంత ఉప్పనైతే పొర అంత పలుచన.

పొర నిండకముందే దిశ మార్చేస్తే దాని అడ్డు తగ్గి, అసలు నీటి నిరోధం బయటపడుతుంది. 1870ల దశకంలో కోల్‌రౌష్ ద్రావణాల వాహకత్వాన్ని ఏకాంతర ప్రవాహంతో (ఏసీతో) కొలవడానికి కారణం ఇదే. ఇక మిగిలింది ఎంత వేగంగా, అంటే ఎంత పౌనఃపున్యంతో, మార్చాలన్నది. ఈ ప్రయోగమంతా ఆ వేగాన్ని పట్టుకోవడానికే.

సెల్ తయారుచేయడం

సెల్ అంటే ఇక్కడ రెండు లోహపు పలకలు, వాటి నడుమ నీరు నిలిచే సన్నని సందు. రేకుల పని చేసే వారి దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలు రేకు నుంచి 2.5 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు గల పలకలు రెండు కత్తిరించండి. ఒక్కో పలకకు ఒక మూల చిన్న చెవి వదలాలి. స్టీలుకు సోల్డర్ సరిగా అంటదు కాబట్టి మొసలి క్లిప్పు ఆ చెవికే తగిలిస్తాం. పలకలు గాజు మీద పెడితే ఊగకుండా చదునుగా కూర్చోవాలి. ఎదురెదురుగా ఉండే ముఖాలను 1200 నంబరు ఎమరీ కాగితంతో నీళ్లు పోస్తూ ఒకే దిశలో రుద్ది, సబ్బుతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు జాడించి, ఆ తర్వాత వేలితో తాకకండి. వేలి జిడ్డు కంటికి కనిపించదు గాని, నానోమీటర్ల పొరను కొలిచేటప్పుడు అది చాలా మందమైన అడ్డు.

సందు కోసం మైక్రోస్కోప్ స్లైడు నుంచి 2.5 మి.మీ. వెడల్పు పట్టీలు రెండు గాజు కట్టరుతో కోయండి. స్లైడు మందం సుమారు 1 మి.మీ. ఉంటుంది, ఉజ్జాయింపుతో సరిపెట్టకుండా స్క్రూగేజీతో మూడు చోట్ల కొలిచి రాసుకోండి. పట్టీలను కింది పలకకు రెండు చివరల ఉంచి, పై పలకను బోర్లిస్తే, మధ్యలో 2 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు, 1 మి.మీ. ఎత్తు గల ఖాళీ మిగులుతుంది. పలకలను కాగితాల క్లిప్పులతో బిగించవచ్చు, కాని క్లిప్పు లోహానిది కాబట్టి రెండు పలకలనూ కలిపేస్తుంది. మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి. నీరు పోయకముందు మల్టీమీటరుతో రెండు చెవుల మధ్య కలయిక లేదని తప్పకుండా చూసుకోండి.

సెల్‌ను నీటిలో ముంచకూడదు. ముంచితే పలకల వెనుక ముఖాలు కూడా పనిలోకి వచ్చి వైశాల్యం లెక్క తప్పుతుంది. డ్రాపర్ కొసను సందు అంచుకు ఆనించి నెమ్మదిగా వదిలితే, నీరు తనంతట తానే లోపలికి పాకుతుంది. ఈ సందుకు 0.4 మి.లీ. చాలు. సెల్‌ను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సందులోంచి చూడండి: నీరు నిండిన చోట వెలుతురు ఒక్కతీరుగా ఉంటుంది, గాలిబుడగ ఉంటే దాని అంచు నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆవగింజంత బుడగ కూడా వైశాల్యాన్ని తగ్గిస్తుంది కాబట్టి, కనిపిస్తే నీరు తీసేసి మళ్లీ నింపండి.

ద్రావణాలు

ప్రయోగశాల శ్రేణి సోడియం క్లోరైడ్ 0.584 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి లీటరు చేస్తే 0.01 మోలార్ ద్రావణం వస్తుంది. దాన్ని పదింతలు పలచన చేస్తే 0.001 మోలార్. వంటింటి అయోడిన్ ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఉంటాయి, వాడకండి. సెల్‌ను సరిచూడడానికి పొటాషియం క్లోరైడ్ 0.746 గ్రాములతో ఒక లీటరు చేసి పెట్టుకోండి. దాని వాహకత్వం 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1.413 మిల్లీసీమెన్స్ అని అందరూ ఒప్పుకున్న విలువ.

ఉష్ణోగ్రతను మాత్రం చిన్నచూపు చూడకండి. ఉప్పునీటి వాహకత్వం డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. మే నెలలో మన ప్రయోగశాలలో 36 డిగ్రీలుంటే, 25 డిగ్రీల పట్టికతో పోల్చినప్పుడు తేడా 20 శాతం దాటుతుంది. ప్రతి కొలతకూ థర్మామీటరు విలువ పక్కనే రాయాలి.

సర్క్యూట్

ఫంక్షన్ జనరేటర్ (కోరిన పౌనఃపున్యంతో ఊగే వోల్టేజీని ఇచ్చే పరికరం) ధన కొసను సెల్ ఒక చెవికి, రెండో చెవిని ఒక నిరోధానికి (రెసిస్టర్‌కు), నిరోధం రెండో కొసను భూమికి కలపండి. వోల్టేజీ తరంగాన్ని తెర మీద గీసే ఆసిలోస్కోప్ మొదటి ఛానెల్‌ను సెల్ మొదటి చెవి దగ్గర, రెండో ఛానెల్‌ను సెల్‌కూ నిరోధానికీ మధ్య తగిలించండి. రెండో ఛానెల్ వోల్టేజీని నిరోధంతో భాగిస్తే ప్రవాహం తెలుస్తుంది.

ఆ నిరోధం ఎంత ఉండాలన్న దగ్గర విద్యార్థులు తరచూ పొరబడతారు. 1 మి.మీ. సందులో 0.01 మోలార్ సోడియం క్లోరైడ్ నిరోధం, వాహకత్వం సెంటీమీటరుకు 1.185 మిల్లీసీమెన్స్ అని తీసుకుంటే, 21 ఓములు వస్తుంది. 1000 ఓముల నిరోధం పెడితే ఆ 21 ఓములు దాని పొరపాటులోనే మునిగిపోతాయి. 22 ఓముల నిరోధం పెడితే అధిక పౌనఃపున్యాల్లో బాగుంటుంది, కాని 10 హెర్ట్జ్ దగ్గర సెల్ అడ్డు వందల ఓములకు చేరి, రెండో ఛానెల్‌లో రెండు మిల్లీవోల్టులే మిగిలి, రొదలో కలిసిపోతాయి. అందుకే రెండు ఉంచుకోండి: 100 హెర్ట్జ్ పైన 22 ఓములు, కింద 220 ఓములు. రెండింటి అసలు విలువా మంచి మీటరుతో కొలిచి వాడండి.

వోల్టేజీ శిఖర విలువ 40 మిల్లీవోల్టులు దాటనివ్వకండి. సెల్‌లో రెండు గోడలున్నాయి, ఒక్కోదానికి గరిష్ఠంగా 20 మిల్లీవోల్టులు పడతాయి. 25 డిగ్రీల దగ్గర అయాను ఉష్ణశక్తిని వోల్టులలో చెబితే 25.7 మిల్లీవోల్టులు; దానికి లోపల ఉన్నంతసేపూ వోల్టేజీ రెట్టింపైతే ప్రవాహమూ రెట్టింపవుతుంది, లెక్క సులువుగా ఉంటుంది. వోల్టేజీని సగం చేసి అదే జవాబు వస్తోందో లేదో చూడడం ఉత్తమ పరీక్ష. ఒక వోల్టు దాటించి ఎక్కువసేపు ఉంచితే నీరే విఘటన చెంది బుడగలు పుట్టవచ్చు, స్టీలు తుప్పు పట్టవచ్చు. అప్పుడు మీరు కొలిచేది వేరే విషయం. ఆసిలోస్కోప్ లేని చోట ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ రూపొందించిన ఎక్స్‌పైస్-17 (ExpEYES-17) పెట్టెతో 5 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ వరకు పని జరుగుతుంది.

కొలవడం

ముందుగా రెండు ఛానెళ్ల ప్రోబులనూ ఒకే బిందువుకు తగిలించి, రెండూ ఒకే ఎత్తు చూపిస్తున్నాయేమో చూడండి. రెండు మూడు శాతం తేడా సహజం. ఆ నిష్పత్తిని రాసుకుని ప్రతి కొలతనూ దానితో సరిచేయండి. సెల్ నింపాక, ఉష్ణోగ్రత కుదురుకోవడానికి పది నిమిషాలు ఆగండి. ఆసిలోస్కోప్‌లో సగటు తీసే అమరిక 64కు పెట్టండి.

10 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ వరకు 1, 2, 5 వరుసలో పౌనఃపున్యం పెంచుతూ, ప్రతి చోటా మూడు అంకెలు రాయండి: మొదటి ఛానెల్ ఎత్తు, రెండో ఛానెల్ ఎత్తు, రెండు తరంగాల శిఖరాల మధ్య కాలభేదం. ప్రవాహం ముందు నడుస్తుంది, అంటే రెండో ఛానెల్ శిఖరం ముందు వస్తుంది. కాలభేదాన్ని పౌనఃపున్యంతోనూ 360తోనూ గుణిస్తే దశాభేదం డిగ్రీలలో వస్తుంది.

అంకెలు రాసుకోవడానికి ముందు ఒకసారి ఆసిలోస్కోప్‌ను రెండు ఛానెళ్లనూ ఒకదానికొకటి ఎదురు గీసే (ఎక్స్-వై) అమరికలో పెట్టి చూడమని గట్టిగా చెబుతాను. 10 హెర్ట్జ్ దగ్గర తెర మీద బిందువు ఒక వెడల్పాటి దీర్ఘవృత్తం చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. పౌనఃపున్యం పెంచుతూ పోతే ఆ దీర్ఘవృత్తం సన్నబడుతూ, పక్కకు వాలుతూ, కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఒకే ఒక ఏటవాలు గీతగా ముడుచుకుపోతుంది. వెడల్పుగా ఉన్నంతసేపూ గోడల మీది కెపాసిటర్లు నిండుతూ ఖాళీ అవుతున్నాయి. గీత అయ్యాక మిగిలింది నీటి నిరోధం.

లెక్క

మొదటి ఛానెల్ ఎత్తును రెండోదానితో భాగించి నిరోధంతో గుణిస్తే మొత్తం అడ్డు వస్తుంది. దాన్ని దశాభేదం కొసైన్‌తో గుణించి, పెట్టిన నిరోధాన్ని తీసేస్తే సెల్ నిరోధ భాగం. సైన్‌తో గుణిస్తే కెపాసిటర్ భాగం. రెండింటినీ పౌనఃపున్యం లాగరిథమ్‌కు ఎదురుగా గ్రాఫులో గీయండి. నిరోధ భాగం ఎక్కడ సమతలంగా పరుచుకుంటుందో అదే నీటి నిరోధం. పొటాషియం క్లోరైడ్‌తో అది 1 మి.మీ. సందులో, 25 డిగ్రీల వద్ద, 17.7 ఓముల దగ్గర రావాలి. దూరంగా ఉంటే సందు మందమో, బుడగో, ఉష్ణోగ్రతో తప్పింది.

తక్కువ పౌనఃపున్యాల్లో కెపాసిటర్ భాగం నుంచి రెండు పొరల కెపాసిటెన్స్ (ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం) దొరుకుతుంది. ఒక్కో గోడకు చదరపు సెంటీమీటరుకు 20 మైక్రోఫారడ్‌లు అనుకుంటే, 4 చ.సెం.మీ. గోడలు రెండు వరుసలో ఉన్నాయి కాబట్టి మొత్తం 40 మైక్రోఫారడ్‌లు. దాని అడ్డు 10 హెర్ట్జ్ దగ్గర దాదాపు 400 ఓములు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 4 ఓములు. నిరోధమూ కెపాసిటర్ అడ్డూ సమానమయ్యే పౌనఃపున్యం 190 హెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది. మనం వెతుకుతున్న వేగం అదే. దాని పైన పదింతలు వెళితే నీటిని నమ్మకంగా కొలవవచ్చు.

ఈ పౌనఃపున్యాన్ని నిర్ణయించే కాలం డెబై దూరాన్ని సందులో సగంతో గుణించి, అయాన్ల వ్యాపన గుణకంతో (అవి నీటిలో ఎంత వేగంగా చెదురుతాయో చెప్పే అంకెతో) భాగిస్తే వస్తుంది. 3 నానోమీటర్లు, అర మిల్లీమీటరు, సెకనుకు 1.6 వేల చదరపు మైక్రోమీటర్లు వేసి చూడండి: దాదాపు ఒక మిల్లీసెకను. ఒక అయాను సందు మొత్తాన్ని వ్యాపనంతో దాటాలంటే పది నిమిషాలు పడుతుంది. పొర మాత్రం మిల్లీసెకనులో నిండుతుంది. ఎందుకంటే ఏ అయానూ సందు దాటనవసరం లేదు, అన్నీ కలిసి రవంత జరిగితే చాలు. 1 మి.మీ. నీటిపై 40 మిల్లీవోల్టులు 1 కిలోహెర్ట్జ్‌తో ఊగుతుంటే సోడియం అయాను అటూ ఇటూ జరిగేది నానోమీటరులో మూడో వంతు, అంటే ఇంచుమించు ఒక నీటి అణువు వెడల్పు. ఈ అంకెను మొదటిసారి కాగితం మీద వేసిన రోజు దాన్ని మూడుసార్లు సరిచూసుకున్నాను.

మీ గ్రాఫులో రెండు చోట్ల తేడాలు వస్తాయి, కంగారు పడకండి. ఆదర్శ కెపాసిటర్‌కు దశాభేదం 90 డిగ్రీలకు చేరాలి గాని, స్టీలు ఉపరితలం గరుకుది, ఆక్సైడు పొర కప్పినది కాబట్టి సెల్ వరకు లెక్కగట్టినా 90 కంటే తక్కువే వస్తుంది. రెండోది, 100 కిలోహెర్ట్జ్ దాటాక రెండో ఛానెల్ వెనకబడడం మొదలుపెడితే అది తీగల ఇండక్టెన్స్, అంటే ప్రవాహం మారడాన్ని తీగలు అడ్డుకునే గుణం. తీగలను అరజానెడుకు కుదించి మెలిపెట్టండి. నీరే డైఎలక్ట్రిక్‌లా (కెపాసిటర్ పలకల మధ్య ఉంచే బంధకంలా) ప్రవర్తించే హద్దు ఈ ద్రావణానికి పదుల మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఉంది, ఈ సామానుకు అందదు.

సందును ఇరుకు చేసి చూడడం

ఈ భాగం వదిలేస్తే ప్రయోగం సగమే అయినట్టు. స్లైడు పట్టీలు తీసేసి, వాటి స్థానంలో కవర్‌స్లిప్పు పట్టీలు పెట్టండి. వాటి మందం 0.15 మి.మీ. దగ్గర ఉంటుంది, స్క్రూగేజీతో చూసుకోండి. ఈ సందు నిండడానికి దాదాపు ఒక్క చుక్క చాలు. 0.01 మోలార్ ద్రావణం ఇందులో 3 ఓములే చూపుతుంది, కొలవడం కష్టం. అందుకే పోలికకు రెండు సందుల్లోనూ 0.001 మోలార్ వాడండి. వెడల్పు సందులో 200 ఓముల దగ్గర, ఇరుకు సందులో 30 ఓముల దగ్గర నిరోధం రావాలి. కెపాసిటెన్స్ మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే వస్తుంది, ఎందుకంటే అది గోడకు సంబంధించినది, గోడల మధ్య దూరానికి కాదు. కాబట్టి నిరోధమూ కెపాసిటర్ అడ్డూ సమానమయ్యే పౌనఃపున్యం ఆరేడు రెట్లు పైకి జరుగుతుంది. ఇరుకు సందులో నీటిని సరిగా కొలవాలంటే ఇంకా వేగంగా ఊపాలన్న మాట. చిన్న కడ్డీల మీటర్లను ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోదగినది.

వెడల్పు సందులోనే 0.01 నుంచి 0.001 మోలార్‌కు మారిస్తే ఏమవుతుందో కూడా చూడండి. నిరోధం దాదాపు పదింతలవుతుంది. కెపాసిటెన్స్ తగ్గుతుంది గాని మూడో వంతు కంటే కిందికి పోదు, సాధారణంగా అంత కూడా తగ్గదు. లోహాన్ని అంటుకున్న గట్టి పొర ఒకటి వ్యాపించిన పొరతో వరుసలో ఉండడమే దానికి కారణం. 1924లో స్టెర్న్ చేర్చిన సవరణ ఇదే.

ఒక్క చుక్క నీటికి ఆవిరి పెద్ద శత్రువు. ఒక వేసవి మధ్యాహ్నం ఫ్యాను కింద సెల్ వదిలి, కరెంటు పోయిందని ఇంటికి వెళ్లి, మర్నాడు వచ్చేసరికి సందు అంచు పొడవునా సన్నటి తెల్లని ఉప్పు గీత కట్టి ఉంది. ముందు రోజు కొలతల్లో నిరోధం మెల్లగా తగ్గుతూ వచ్చిన కారణం అప్పుడు అర్థమైంది. నీరు తగ్గి ఉప్పు చిక్కబడుతోంది, నేను దాన్ని పౌనఃపున్య ప్రభావం అనుకుంటున్నాను. సెల్‌ను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పక్కన తడి దూదితో ఉంచండి. చివర మళ్లీ మొదటి పౌనఃపున్యానికి వచ్చి కొలవండి. రెండు శాతం కంటే ఎక్కువ తేడా వస్తే ఆ వరుస మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి.

మన నీళ్లు

ఇప్పుడు సీసాలు తీసుకుని బయలుదేరండి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువ నీరు తీపినీరు కాబట్టి నేరుగా సెల్‌లో పోయవచ్చు. ఉప్పుటేరు నీరు, రొయ్యల చెరువు నీరు, అంతర్వేది దగ్గర సముద్రపు నీరు మాత్రం నేరుగా పోస్తే సెల్ నిరోధం ఓము దగ్గరకో అంతకంటే కిందికో పడిపోతుంది; 1 మి.లీ. తీసి డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేసి కొలవండి. డిస్టిల్డ్ వాటర్‌ను విడిగా కొలిచి, దాని వాహకత్వాన్ని తీసివేయండి. మట్టి తేరుకోనిచ్చి, వడపోసిన నీరే సందులోకి పంపాలి, ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా కవర్‌స్లిప్పు సందు ఎత్తు మారిపోతుంది.

ఈ నీళ్లలో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు ఉంటాయి. రెండు ఆవేశాల అయాన్లు ద్విస్తరాన్ని మరింత పలుచన చేస్తాయి కాబట్టి, నీటి నిరోధం సరిగ్గా సమానమయ్యేలా ఒక సోడియం క్లోరైడ్ ద్రావణం తయారుచేసి పక్కన పెట్టుకుని, రెండింటి కెపాసిటెన్స్‌నూ అదే ఉష్ణోగ్రతలో, అదే పలకలతో పోల్చండి. ప్రతి సీసా మీద ఊరు, తేదీ, పోటా ఆటా, కాలువ నడుస్తోందా కట్టేశారా అన్నది రాయండి. ఒక్కో నమూనాను కనీసం మూడుసార్లు నింపి కొలవండి. రెండు నమూనాల మధ్య పలకలను విప్పి, ఎమరీతో మళ్లీ రుద్ది, కడిగి, మొదట పొటాషియం క్లోరైడ్‌తో 17.7 ఓములు వస్తున్నాయని చూసుకున్నాకే తర్వాతి సీసా మూత తీయండి.